బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగిన హారన్

బండ్లను తనిఖీ చేసే రవాణా అధికారిని మా ఉయ్యూరులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటాం. అసలు హోదా ఏమిటో ఎవరికీ పట్టదు. తెరేసమ్మ కొంప ముంచబోయింది ఆ పేరే.

తెరేసమ్మ రిటైరైన నర్సు. షుగరు వల్ల భర్త అంతోని గారి చూపు పోయాక, యాభై అయిదేళ్ల వయసులో కారు నేర్చుకుంది. అంతకుముందు రెండేళ్లు చర్చికి వెళ్లాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా మరిది జాన్సన్‌ని అడగాల్సి వచ్చేది. అతను కాదనడు, "చూద్దాం వదినా" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా అంతోని గారి ముఖం చిన్నబోయేది. అది చూడలేకే ఆవిడ స్టీరింగ్ పట్టింది.

ఈ ఏడాది కారుకి పదిహేనేళ్లు నిండాయి. తనిఖీలో నెగ్గితేనే రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. "పాత డబ్బా వదినా, తుక్కుకిచ్చేద్దాం" అన్నాడు జాన్సన్. "పాసవకపోతే ఇచ్చేద్దాంలే" అని ఆవిడ మాటిచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, అతను అప్పుడే తుక్కు కొనేవాడితో మాట్లాడేశాడు. నాకు జాన్సన్ మీద కోపం లేదనను.

ఆవిడ పట్టుబట్టి బ్రేకులన్నీ కొత్తవి వేయించింది. చూసేది బ్రేక్ ఇన్‌స్పెక్టరాయె! భర్తనీ మరిదినీ ఎక్కించుకుని విజయవాడ రవాణా ఆఫీసుకి వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ లైట్లు, టైర్లు, వైపర్లు చూశారు. బ్రేకులు బాగున్నాయన్నారు. తర్వాత "హారన్ కొట్టండమ్మా" అన్నారు.

కొడితే మోగలేదు. అదెప్పుడు పోయిందో ఆవిడకే తెలియదు. అడ్డొచ్చినవాణ్ణి అద్దం దించి తిట్టడమే ఆవిడ అలవాటు.

"బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి హారన్‌తో పనేంటండీ?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "రెండింటికల్లా బాగుచేయించుకు రండి. లేకపోతే ఫెయిలే."

అప్పటికి పన్నెండున్నర. జాన్సన్ ఫోన్ తీశాడు. "మాటిచ్చావు, గుర్తుందా వదినా?"

"గుర్తుంది. రెండింటిదాకా నోర్మూసుకో. మీ అన్నయ్యని చూసుకో" అని ఒక్కతే ఆటోనగర్‌కి పోయింది.

మొదటి షాపులో మెకానిక్ లేడు. రెండో షాపువాడు రేపు రమ్మన్నాడు. మూడో చోట మెకానిక్ అప్పుడే క్యారియర్ విప్పుకున్నాడు. "అన్నం తిని చూస్తానమ్మా."

"తిను నాయనా. నేనిక్కడే నిలబడతా" అని ఆవిడ మండే ఎండలో కారు పక్కనే నిలబడింది. కదల్లేదు. నాలుగు ముద్దలు తినేసరికి అతనికి ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి బానెట్ ఎత్తాడు. వైరు ఎలుక కొరికేసింది. వైరు మార్చినా మోగకపోతే, హారన్ కూడా కొత్తది బిగించాడు.

రెండింటికి పావుగంట ఉందనగా ఆఫీసు గేటు దగ్గర హారన్ మోగింది. బెంచీ మీద కూర్చున్న అంతోని గారు లేచి నిలబడ్డారు. "మన కారే."

"కొత్త హారన్ కదన్నయ్యా, నీకెలా తెలుసు?" అన్నాడు జాన్సన్.

"వెనకాలే తిట్టు కూడా వినపడిందిరా."

ఇన్‌స్పెక్టర్ హారన్ రెండుసార్లు కొట్టించి, పాసయినట్టు రాసేశారు. తెరేసమ్మ భర్త దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఐదేళ్లిచ్చారండీ."

అంతోని గారు "అయితే ఐదేళ్లు ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నారు. తమ్ముడు పక్కనే ఉన్న సంగతి మరిచిపోయి అన్నారో, గుర్తుండే అన్నారో.

అంత గట్టి మనిషీ ఆ ఆఫీసు ఆవరణలో, అందరి ముందూ, బావురుమంది.