రూబార్బ్ తొట్టి మీద అస్లాక్ కేక

అస్లాక్ గురించి చెప్పాలంటే ముందు కేక గురించి చెప్పాలి. మా లోయలో ఇంట్లో బీరు కాచేవాడు అది పులియడానికి తొట్టిలో తోడు వేసేటప్పుడు గొంతు చించుకుని కేక పెడతాడు. కేక ఎంత గట్టిదైతే బీరు అంత ఘాటుగా దిగుతుందని నమ్మకం. లోపలికి గొణుక్కున్నవాడి బీరు లోపలికే పోతుంది, తలకెక్కదు. అస్లాక్ కేక పెడితే ఏటి అవతల గొర్రెలు మేత మానేసి తలలెత్తేవి. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగి, "అస్లాక్ తొట్టి నిండింది, ఆమెన్" అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అతను చదివింది ఊరి బడిలోనే, అదీ గొర్రెలు కొండెక్కని నెలల్లో మాత్రమే. చేసిన పనులు చూస్తే మాత్రం పెద్ద చదువులవాళ్లు ఏపాటి అనిపిస్తుంది. వరద కొట్టుకుపోయిన వంతెనకి దూలాలెత్తినప్పుడు ముందు భుజం పెట్టింది అతనే. చర్చి గంటకి కొత్త ఇరుసు చెక్కిందీ అతనే. జిల్లా బీరు పోటీలో వరసగా మూడుసార్లు వెండి కప్పు పట్టుకొచ్చి, నాలుగో ఏడు "ఇంక చాల్లే, మిగతావాళ్లు కూడా బతకాలి" అని వెళ్లడం మానేసిందీ అతనే. లోయలో ఏ పెళ్లి జరిగినా, ఏ చావు జరిగినా అస్లాక్ బీరు కాచే పాకలోంచి పొగ లేవకుండా జరగలేదు.

బీరు కాయడం అతనికి కడుపు నింపే పని కాదు, కడుపు నింపేవి గొర్రెలు. ఇది అతని సరదా, అతని పంతం. పెళ్లి బీరుకి ఎండ పడే వాలులో కాయ పట్టిన జునిపర్ పొదల ఘాటు వాసన కొమ్మలు విరిచి నీళ్లలో మరిగించేవాడు. చావు బీరుకి నీడ వాలు కొమ్మలే. మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, కషాయాన్ని పెళ్లికైతే రాగి రంగు దాకా కాచి దించేవాడు, చావుకైతే ఇంకా మరగనిచ్చి నల్లబడ్డాకగాని దించేవాడు కాదు. "దుఃఖం త్వరగా మరగదు" అనేవాడు. వేలు ముంచి వేడి చూసుకుని, ఒంటి వేడికి వచ్చిందనుకున్నాక తోడు వేసేవాడు.

ఆ తోడు వాళ్ల నాన్నది, నాన్నకి వాళ్ల నాన్నది. పెరుగుకి తోడు దాచుకున్నట్టే మేం బీరు మడ్డిని దాచుకుంటాం. కొంత చెక్క చక్రానికి పూసి ఆరబెడతాం, కొంత సీసాలో పోసి నేలమాళిగలో పెడతాం, కొంత అడిగినవాళ్లకి ఇచ్చేస్తాం. ఆ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. "ఇంట్లో దాచిన తోడు సగమే నీది, పక్కింట్లో ఉన్నదే పూర్తిగా నీది" అని అస్లాక్ నాన్న చెప్పేవాడు. మన తోడు పాడైతే ఇచ్చిన ఇంటికే వెళ్లి అడిగి తెచ్చుకోవచ్చు.

అస్లాక్ ఆ మాట మర్చిపోయాడు. మర్చిపోయేలా చేసింది అతని చెల్లెలు సిగ్నె.

సిగ్నె ఏటి అవతల గట్టుకి కోడలై వెళ్లినప్పుడు నాన్న తోడు సీసా చేతికిచ్చి పంపింది అస్లాకే. ఆమె కూడా చక్కగా కాచేది. మాకొక పద్ధతుంది: బీరు పులిసి తొట్టిలోంచి పీపాల్లోకి దించే రోజు ఎవరినీ పిలవరు, వాసన తగిలినవాళ్లంతా వచ్చేస్తారు. అలా ఒక వేసవిలో సిగ్నె ఇంటికి లోయంతా చేరింది. అస్లాక్ చెక్క గిన్నె అందుకుని ఒక గుక్క వేశాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఏమిటే ఇది?"

"రూబార్బ్ అన్నయ్యా, ఆ పుల్లటి ఎర్ర కాడలు. దొడ్లో విరగబడి పెరిగింది. ఊరికే పోనివ్వడమెందుకని వేశా."

"నాన్న తోడుతోనా?"

"నాన్న తోడుతోనే. దానికీ నచ్చినట్టుంది, నురగలు కక్కుకుంటూ లేచింది."

"ఇది బీరు కాదే, పులుసు! బంగాళాదుంపల్లో పోసుకు తినండి!"

అందరూ నవ్వారు. సిగ్నె నవ్వలేదు.

"నువ్వు ఎండ కొమ్మ, నీడ కొమ్మ అని వేషాలు వేస్తే కళ. నేను ఒక కాడ వేస్తే పులుసా? నాన్న నీకొక్కడికే నాన్నా?"

అస్లాక్ గిన్నె బోర్లించి లేచిపోయాడు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్లకి మాటల్లేవు. అంతటితో ఆగినా బాగుండేది. తోడు అడగడానికి ఎవరొచ్చినా, "ఇస్తే ఏం చేస్తారో చూశాగా! ఇవాళ కాడలు వేశారు, రేపు చేప వేస్తారు" అని తలుపేసేవాడు. పాతకాలంలో తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరే చనిపోయారు. వాళ్ల పిల్లలు కొట్లో దొరికే తోడు పొట్లాలకి అలవాటుపడ్డారు. నాన్న తోడు అస్లాక్ నేలమాళిగలో మిగిలింది, ఏటి అవతల సిగ్నె దగ్గర మిగిలింది, అంతే.

ఈ ఏడు నడివేసవి మంటల పండగకి ముందు సంగతి ఇది. ఆ రోజు లోయంతా అస్లాక్ వాకిట్లో మంట చుట్టూ చేరుతుంది, మొదటి గిన్నె అతని బీరే. ఎప్పటిలాగే కాచాడు, ఎప్పటిలాగే కేక పెట్టాడు. రెండో రోజు మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. సీసాలో తోడు పాడైపోయింది. పరుగున వెళ్లి చెక్క చక్రం దించితే, వానాకాలం కురిసిన చూరు కింద అదీ ఆకుపచ్చగా బూజుపట్టి ఉంది. బీరంతా పెంటకుప్ప మీద పారబోశాడు.

కబురు విని పక్కింటి హల్వార్ వచ్చాడు, చేతిలో పొట్లంతో.

"పెద్దాయనా, దీనితో కాచెయ్. ఎవరికీ తెలీదు."

"నాకు తెలీదురా? నా నాలుక చచ్చిందనుకున్నావా?"

"ఈకాలంలో అందరూ..."

"అందరూ గొర్రెతోలు తీసి ప్లాస్టిక్ కోటు వేసుకుంటే నేనూ వేసుకోవాలా? మా నాన్న సొంత తోడు బీరు పోసిన పండక్కి పొట్లం బీరు పోస్తానా నేను? తీసుకుపో! మంటలో పడేయ్, నిన్ను కాదు, పొట్లాన్ని!"

హల్వార్ నవ్వుతూ వెళ్లాడు. అస్లాక్ భార్య మార్గిట్ మాత్రం నవ్వలేదు. పండగ మంటకి పేర్చిన కట్టెల మీద కూర్చుని అల్లికపని చేసుకుంటూ అంది:

"ఇంతకీ మీ నాన్న తోడు లేదనా నీ ఏడుపు, ఉన్నచోటికి వెళ్లాల్సొచ్చిందనా?"

"ఆ రూబార్బ్ కంపులో పెరిగిన తోడు నాకెందుకు?"

"ఎన్ని కాడలు వేసినా తోడు మీ నాన్నదేగా. నీ చెల్లెలు దాన్ని ప్రాణంగా చూసుకుంది. నువ్వు దాన్ని తాళం వేసి చంపావు."

అస్లాక్ టోపీ తీసుకుని పడవ దగ్గరికి నడిచాడు. ఏరు దాటుతున్నంతసేపూ తెడ్లతో నీళ్లని కొడుతూనే ఉన్నాడు.

సిగ్నె పాకలో పొయ్యి మండుతోంది. తొట్టినిండా కషాయం చల్లారుతోంది, పైన ఎర్ర కాడల ముక్కలు తేలుతున్నాయి. ఆమె చూసింది, ఆశ్చర్యపోలేదు.

"తోడు చచ్చిందటగా?"

"ఎవరు చెప్పారు?"

"నీ పెంటకుప్ప చెప్పింది. గాలి ఇటే కొడుతోంది." సిగ్నె చేతులు తుడుచుకుంది. "ఇస్తాను. నాన్నది నాకెంతో నీకూ అంతే. ఇవ్వనని తలుపేయడం నాకు చేతకాదు."

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. అస్లాక్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఇచ్చెయ్, పోతాను."

"ముందు నా తొట్టిలో తోడు నువ్వు వెయ్యి. కేక కూడా నువ్వే పెట్టు."

"ఈ పులుసు మీదా? లోయంతా నా గొంతు గుర్తుపడుతుంది!"

"అందుకే. ఆ రోజు లోయంతా వినేలా నన్ను వెక్కిరించావు. ఇవాళ నాదీ బీరేనని లోయంతా వినేలా ఒప్పుకో. నాకు రాగం రాదు అన్నయ్యా, నీలాగా కేక రాదు. నా బీరు మెత్తగా దిగుతోందని హల్వార్ కూడా అంటాడు. కాడల తప్పు కాదది, కేక తప్పు."

అస్లాక్ తొట్టి చుట్టూ తిరిగాడు. కాడల ముక్కలు చూశాడు, ముక్కు ఎగబీల్చాడు. వేలు ముంచి వేడి చూశాడు, అలవాటు ఆగలేదు. ఒంటి వేడికి వచ్చింది.

"వేడి మాత్రం సరిగ్గానే ఉంది" అన్నాడు అయిష్టంగా.

"నేర్పింది నువ్వేగా."

సీసా మూత తీసి వాసన చూశాడు. చిన్నప్పుడు నాన్న పాకలో ఉన్న వాసనే, అరటిపండు లాంటి, తేనె లాంటి వాసన. తోడు వంపాడు. ఆపైన, ఇన్నేళ్ల కోపం, వెనిగర్ కంపు, హల్వార్ పొట్లం, మార్గిట్ మాట, రూబార్బ్, అన్నీ కలిపి గొంతులోకి తోసి కేక పెట్టాడు. పాక చూరులో పిట్టలు లేచిపోయాయి. ఏటి ఇవతల మార్గిట్ అల్లిక వదిలేసి నిలబడింది. ఎదురు వాలులో గొర్రెల మందంతా ఒక్కసారి తలెత్తింది. ఏ గట్టు నుంచి వచ్చిందో లోయలో అందరికీ తెలిసిపోయింది.

సిగ్నె ఇచ్చిన తోడుతో పండగ నాటికి అస్లాక్ బీరు రాగి రంగులో దిగింది, ఎప్పటిలాగే. సిగ్నె పీపా కూడా పడవలో వచ్చింది. ఆ బీరు ఎంత ఘాటుగా దిగిందంటే హల్వార్ మంట చుట్టూ రెండు వైపులా ఒకేసారి నడవబోయి కట్టెల మీద కూర్చుండిపోయాడు. అస్లాక్ ఒక గిన్నె తాగి, "ఇప్పటికీ పులుసే" అని పెదాలు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గంప భుజానికి తగిలించుకుని బయల్దేరాడు. గంపలో కొత్త బీరు మడ్డిలోంచి తీసిన తోడు సీసాలు. ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదాడు. నిద్రకళ్లతో వచ్చిన హల్వార్ చేతిలో ఒక సీసా కుక్కి, గుమ్మంలో నిలబడి వేలు చూపించాడు.

"దాచిపెట్టకు, అడిగినవాడికి ఇవ్వు. కాడలు వేసుకుంటే వేసుకో, చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. చేప వేశావో, ఈ గుమ్మం ముందే నిలబడి కేక పెడతాను!"