మా స్టీలు సామాన్ల కొట్టులో పాత ఇంగ్లీషు

పెళ్లిచూపుల్లో మామగారు అన్న మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది. "ఎమ్మే చదివినావు, ఊరికే ఎందుకుంటావు? పెండ్లయినాక ఉద్యోగం జేసుకోమ్మా." పెళ్లయ్యాక నాకు దొరికింది ఆత్మకూరులో వాళ్ల స్టీలు సామాన్ల కొట్టు, గల్లాపెట్టె వెనక కుర్చీ. ఉద్యోగం ఊసెత్తితే "చూద్దాంలే" అనేవారు.

కొట్టుకు సొంత మాటలు కొన్ని ఉండేవి. కొనేవాళ్ల ఎదుటే, వాళ్లకు అర్థం కాకుండా వాళ్ల గురించి అనుకోవడానికి. మామగారూ మా ఆయనా వాటితో నవ్వుకుంటుంటే నేను గోడలా కూర్చునేదాన్ని. నాకూ చెప్పమంటే, "నీకెందుకవి? పుట్టింట్లో జెప్పేస్తావు" అన్నాడు మా ఆయన. అదీ మరిచిపోలేదు.

నాకూ మాటలున్నాయి. కాలేజీ రోజుల్లో కొన్న లావుపాటి నిఘంటువులోంచి, ఇంగ్లీషువాళ్లే వాడటం మానేసినవి ఏరుకున్నాను. పని చేస్తున్నట్టు కనబడుతూ ఏమీ చేయకపోవడం 'ఫజెల్'. అది మా ఆయనకు. తప్పని చూపించినా తన పద్ధతే పట్టుకుని వేలాడే మనిషి 'మంప్సిమస్'. అదెవరికో చెప్పనక్కర్లేదు. ఎవరికీ తెలియవు గనక పైకే అనేదాన్ని. ఆ కుర్చీలో నాకు ఊపిరాడింది వాటితోనే.

ఒకరోజు ఒకావిడ ఏమీ కొనకుండా, పక్కవాళ్లు కొంటున్న కుక్కర్ కేసే చూస్తూ నిలబడింది. "గ్రోక్" అన్నాను. మామగారు విన్నారు.

"ఏందమ్మా అది?"

ఇంకొకరు తింటుంటే తనకూ పెడతారేమోనని చూస్తూ నిలబడటం అని చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "మన మాటలు బజారంతా పసిగట్టేసినారు. ఇయ్యి ఎవురికి తెలుస్తాయిరా!" అని కొడుకును కేకేశారు.

మిగతావీ అడిగి అడిగి చెప్పించుకున్నారు. ఎవరికి పెట్టానో మాత్రం చెప్పలేదు. వారం తిరక్కుండా నావన్నీ కొట్టు మాటలైపోయాయి. "రేయ్, గ్రోక్ వచ్చినాది, కుర్చీ ఎయ్యమాక" అని మామగారు అరుస్తుంటే, నా నగలు పెట్టుకుని ఎవరో నా ముందే తిరుగుతున్నట్టుండేది.

అప్పుడే, నేను ఎప్పుడో దరఖాస్తు పెట్టుకున్న ఉదయగిరిలోని ఒక ప్రైవేటు స్కూలువాళ్లు కొట్టుకు ఫోన్ చేశారు. ఇంగ్లీషు టీచరు కావాలట, వెంటనే చేరాలట. పెళ్లిచూపుల మాట గుర్తుచేశాను.

"నువ్వు పోతే మాకు మాటలెవురు జెప్తారమ్మా? ఆడ పిల్లోళ్లకు జెప్పేది ఈడ మాకు జెప్పు" అన్నారు మామగారు.

మా ఆయన తుడిచిన బిందెనే మళ్లీ తుడుస్తూ, "నాయన జెప్పినాడు గదా" అన్నాడు.

స్కూలువాళ్లు మళ్లీ చేసినప్పుడు ఫోను మామగారే అందుకున్నారు. "రాదు సార్. ఆయమ్మకు ఈడనే పని ఉండాది." నేను పక్కనే ఉన్నాను. ఉదయగిరి కొయ్య గరిటెలు కూడా బస్సెక్కి మా కొట్టుకు వస్తాయి. నేనే అటు పోలేకపోయాను.

మర్నాడు ఒకాయన ప్రతి గిన్నెనూ వేలితో కొట్టి చూసి, ధరలన్నీ అడిగి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

"ఇట్టాటోడికి మాటేందమ్మా?" మామగారు ఆశగా నా వైపు తిరిగారు.

"లేదు మామయ్యా."

"అంత లావు పుస్తకంలో లేదా?"

"లేదు."

ఉంది. ఇప్పటికీ చెప్పలేదు, చెప్పను. ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను ఆ కుర్చీలోనే ఉన్నాను.