అవ్వ చేతిలో మూడు నిమిషాలు

సెలవులకు వచ్చిన మా మనవరాలు ఫోన్‌లో సినిమా దించుకుంటూ, గుండ్రంగా తిరిగే గీతను చూసి పళ్లు కొరుకుతుంది. "ఇంట్ల అందరు ఒకటే నెట్టు మీద పడితె ఎట్ల దిగుతది అమ్మమ్మా?" అని నా సీరియల్ ఆపిస్తుంది. ఒకే తీగ మీద అందరూ పడితే ఏమవుతుందో నేను ఇరవై ఏళ్లకే, కేసముద్రంలో నేర్చుకున్నానని దానికి తెలియదు. ఆ రోజుల్లో మాకు ఆత్రం లేక కాదు, మా ఆత్రాన్ని తీగ పట్టించుకునేది కాదు.

అప్పుడు నేను పట్నంలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. ఎంపికైనవాళ్ల పేర్లు సోమవారం గోడకు అంటిస్తారు. మంగళవారం పొద్దున పదింటికల్లా సర్టిఫికెట్లతో హాజరు కాకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పట్నంలో ఉండే మా బావ (అక్క భర్త) జాబితా చూసి, తన ఆఫీసు ఫోన్ దగ్గరే కూర్చుంటానని ఉత్తరం రాశాడు. బాపు (మా నాన్న) ఒకటే మాట మీద ఉన్నాడు. "పేరున్నదని తెలిస్తెనే బండెక్కిస్త. ఊకెనే ఆడివిల్లను తీస్కపోయి ఎవల ముంగట నిలవెట్టాలె?" పట్నం రైలుబండి నాలుగింటికి.

సోమవారం పొద్దున్నే అవ్వ (బాపు తల్లి), బాపు, నేను పోస్టాఫీసుకు వెళ్లి ట్రంకాల్ బుక్ చేశాం. సర్టిఫికెట్ల సంచి నా చంకలోనే ఉంది. నా ఖర్మకు ఆ రోజు మార్కెట్‌కు పత్తి విరగబడి వచ్చింది. ధర కనుక్కోవడానికి వ్యాపారులంతా మాకంటే ముందే బుక్ చేసుకున్నారు. పైగా ముందురోజు వానకు తీగలు తడిశాయి. పోస్టుమాస్టరు నా మొహం చూసి జాలిపడ్డాడు. "గీడికెళ్లి వరంగల్, ఆడికెళ్లి పట్నం. తీగ ఒక్కటే బిడ్డా, మనుషులు గింతమంది. నేనేం జేస్త?" పన్నెండయింది, రెండయింది, మూడున్నర కూడా అయింది. నేను గోడ గడియారం కిందనుంచి కదలలేదు (అవ్వ మాత్రం బెంచీ మీద తీరుబడిగా తమలపాకు నములుతోంది).

మూడు నలభైకి "పట్నం కలిసింది!" అని కేక. నేను ఎగబడితే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఇంట్లో ఏ కబురొచ్చినా ముందు పెద్దవాళ్లే అందుకోవాలి (ఉత్తరాన్ని కూడా చదువురాని అవ్వ చేతిలో పెట్టాకే విప్పేవాళ్లం). ఒక ట్రంకాల్‌కు ఉన్నవి మూడే నిమిషాలు. రిసీవర్ అవ్వ చెవికి చేరింది.

"ఆఁ, సరే సరే బిడ్డా! పిల్లగాని జరం ఎట్లున్నది?" అని అవ్వ అరిచింది. పట్నం ఎంత దూరమో గొంతు కూడా అంత దూరం పోవాలని ఆమె లెక్క. అక్క కొడుకు జ్వరం తర్వాత బావ తల్లి మోకాళ్లు, ఆ తర్వాత అక్క నడుం నొప్పి.

"అవ్వా, నా పేరు! పేరు అడుగు!"

"ఆగే! మంచిచెడ్డ మందలిచ్చుకోకుండ పని గురించే మాట్లాడుతరా ఎవలన్న?"

రిసీవర్ లాక్కుని "బావా!" అన్నాను. టక్కున లైను తెగింది.

మళ్లీ బుక్ చేస్తే దొరికేది రేపే. పత్తి వ్యాపారులందరి ముందూ భోరుమన్నాను. బాపు రుమాలు తలకు చుట్టుకుని ఇంటిదారి పట్టాడు. దూరంగా బండి కూత వినిపించింది. అవ్వ మమ్మల్ని వింతగా చూసింది.

"గటెటు పోతున్నరు? టేషను గిటున్నది గదా!"

"పేరే తెల్వకపాయె, ఏం పోతమే అవ్వా?" అన్నాడు బాపు.

"పేరా? ఫోను చెవుకు పెట్టంగనే చెప్పిండు గదా, మూడో పేరు దీనిదేనని! గది అయిపోయిన ముచ్చట. మల్ల మల్ల ఎందుకని పిల్లగాని సంగతి అడిగిన."

పరుగెత్తాం. బాపు చెప్పు ఒకటి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. జనగామ దాటేదాకా నాకు అవ్వ మీద కోపం తగ్గలేదు. ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను.

మొన్న మనవరాలు హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మమ్మా, నాకు..." అని ఏదో ఆత్రంగా మొదలుపెట్టింది. "గది సరే గని, తిన్నవా? సర్ది తగ్గిందా?" అన్నాను. అటువైపు పళ్లు కొరికిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. లైను అంత బాగుంది మరి.