మార్తమ్మ చేజేతులా పోగొట్టిన ఫైనల్

ఏలూరులో మా వీధి మార్తమ్మకి నోరు ఊరుకోదు. కూరగాయల బండి మీద తూకం తగ్గినా, చర్చిలో ప్రసంగం పక్కదారి పట్టినా అక్కడికక్కడే అనేస్తుంది. ఇలాంటి మనిషికి వీధికొక శత్రువు ఉండాలి. ఉన్నది మాత్రం ఒక్కతే, ఆకివీడు వరమ్మ. ఆ వైరం కూడా ఒక ఉన్ని బంతి వల్ల వచ్చింది.

ఇప్పటి పిల్లలకి బ్యాటు అంటే క్రికెట్టే గానీ, 1978లో మా వైపు బడుల్లో ఆడపిల్లల ఆటంటే బాల్ బ్యాడ్మింటన్. జట్టుకి ఐదుగురు, పసుపు రంగు ఉన్ని బంతి. మార్తమ్మ, వరమ్మ ఒకే జట్టు, ఒకే బెంచీ, ఒకే క్యారేజీ. మార్తమ్మ నాన్న తివాచీలు నేసేవాడు. మగ్గం దగ్గర మిగిలిన ఉన్ని ముక్కలు తెచ్చి, ఇంట్లో రంగు వేసి, గట్టిగా బంతి చుట్టేది మార్తమ్మ. కొన్న బంతి దీని ముందు ఎందుకూ పనికిరాదని ఊరంతా చాటింది వరమ్మే.

ఆ ఏడు ఫైనల్ తాడేపల్లిగూడెంలో. ఆట మధ్యలో చినుకులు పడి, కొన్న బంతి నాని పాడైపోయింది. మార్తమ్మ సంచీలోంచి ఇంటి బంతి తీసింది. తడిస్తే రంగు వదులుతుందని దాన్ని చుట్టిన చేతులకే తెలియదు. ఒక్క పాయింటు వస్తే కప్పు ఏలూరుదే అన్న సమయంలో బంతి ఆమె ఓణీని రాసుకుంటూ వచ్చింది. ఆమె కొట్టింది, అది అవతల నేల మీద పడింది. విజిల్ మోగింది. వరమ్మ గంతులేసింది. మార్తమ్మ మాత్రం తన తెల్ల ఓణీ చూసుకుంది. దాని మీద పసుపు గీత.

బంతి బట్టకి తగిలితే ఆ పాయింటు చెల్లదు. అంపైరు చూడలేదు, ఇంకెవరూ చూడలేదు. మన మనిషి ఊరుకుంటుందా? తిన్నగా వెళ్లి ఓణీ చూపించింది. పాయింటు పోయింది, సర్వీసు అవతలికి పోయింది, కాసేపట్లో కప్పూ పోయింది.

“నీ నిజాయితీ నెత్తిన పెట్టుకుని నువ్వే ఊరేగు” అని తిరుగు రైల్లో వరమ్మ అన్నదే ఆఖరి మాట. తర్వాత పెళ్లయి ఆకివీడు వెళ్లి చేపల చెరువుల పనిలో పడింది. చుట్టాల పెళ్లిళ్లలో ఎదురుపడ్డా ముఖం తిప్పుకునేది. చేసిన పనికి మార్తమ్మ ఒక్కనాడూ చింతించలేదు. వరమ్మ ఒక్కసారి పలకరిస్తే చాలని మాత్రం మా దగ్గర అనేది, అని తనను తానే విసుక్కునేది.

మొన్న ఉషశ్రీ అనే పీఈటీ టీచరు పాత ఆటగత్తెలను వెతికి పట్టుకుని తాడేపల్లిగూడెంలో సన్మానం పెట్టింది. గెలిచినవాళ్ల పేర్లకే దిక్కులేని చోట ఓడినవాళ్లని కూడా పిలిచిందంటే, ఆ పిల్ల పట్టుదలకి దండం పెట్టాలి. మార్తమ్మకి తోడుగా నేనూ వెళ్లాను. వరమ్మ ముందు వరుసలో కనిపించగానే మార్తమ్మ నన్ను వెనక్కి లాక్కుపోయి కూర్చుంది.

వరమ్మ మనవరాలు ఏంజెల్ మైకు అందుకుని ఆ ఫైనల్ కథ చెప్పింది. చినుకులు, ఇంటి బంతి, ఓణీ మీద గీత, అన్నీ సరిగ్గానే చెప్పింది. ఆఖర్న మాత్రం, “ఎవరూ చూడకపోయినా మా అమ్మమ్మే వెళ్లి అంపైరుకి చెప్పేసిందండి” అంది.

హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. మార్తమ్మ విసురుగా లేచి నిలబడింది. ఇక వరమ్మ పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆమె మురిసిపోతున్న ఆ పిల్ల ముఖం చూసి, మారు మాట్లాడకుండా కూర్చుండిపోయింది. తప్పు విని మార్తమ్మ ఊరుకోవడం నేను చూడటం అదే మొదలు.

వరమ్మ వెనక్కి తిరిగి అది చూసింది. మెల్లగా లేచి మనవరాలి చేతిలో మైకు తీసుకుంది.

“అది నేను కాదండీ. ఆ వెనకాల కూర్చుంది చూడండి, మార్తమ్మండీ. ఆ రోజు నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టానండీ. ఇంటికాడ పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం, ఆ పని నేను చేసుంటే బాగుండేదనిపించేదండీ. అలా చెప్పగా చెప్పగా నాదని చెప్పేసుకున్నానండీ.”

మార్తమ్మ లేచి ముందుకు నడిచింది. కళ్లలో నీళ్లు, పెదాల మీద ఆపుకోలేని నవ్వు.

“ఇన్నేళ్లూ నన్ను తిట్టుకుంటున్నావనుకున్నానే,” అంది, “నా కథే చెప్పుకుంటున్నావా?”