అన్న పతకం, అమ్మ మొక్కు

బంగ్లాదేశ్ యుద్ధం నుంచి మా అన్న ఒక కన్నుతో, ఒక వెండి పతకంతో తిరిగొచ్చాడు. తూటాలు కురుస్తున్న చోటికి రెండుసార్లు వెళ్ళి, గాయపడినవాళ్ళను భుజాన వేసుకొచ్చాడట. మూడోసారి వెళ్ళినప్పుడు ఎడమ కన్ను పోయింది. మణవాళనగర్‌లో మా ఇంటికి జనం ఆ పతకం చూడ్డానికే వచ్చేవారు.

కొన్నాళ్ళకు కుడి కన్నూ మసకబారడం మొదలైంది. మద్రాసులో పెద్ద డాక్టర్లట, ఒక్కొక్కరే పెదవి విరిచేశారు. అమ్మకు నిద్ర కరువైంది. పొద్దున లేస్తూనే "నాయనా, కన్ను తెలస్తా ఉండాదా?" అని అడిగేది.

"మసగ్గా తెలస్తా ఉండాది లేమ్మా," అనేవాడు. ఆ మాట పట్టుకునే మేం బతికాం.

అమ్మ తిరుత్తణి స్వామికి వెండి కళ్ళు మొక్కుకుంది. కొండ కింద అంగళ్ళలో వెండిరేకు కళ్ళు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఆమెకు అవి పనికిరావు.

"అంగట్లోవి ఎవురి కండ్లో ఏమో! వాడి సొంత వెండితో చేపిస్తేనే సామి ఒప్పుకుంటాడు," అంది. అన్న సొంతమని చెప్పుకునే వెండి ఇంట్లో ఒక్కటే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా పైత్యం పట్టిందా మా? కన్నిచ్చి తెచ్చుకున్నాడే దాన్ని!"

"అరవొద్దే, వాడు ఇంటాడు. పతకం వాడికి దోవ చూపిస్తాదా?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ముందు నా కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఇద్దరం అన్నకు తెలియకుండా తిరువళ్ళూరులో వెండిపని చేసే ఆచారి దగ్గరికి వెళ్ళాం.

ఆచారి పతకాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "మిలిటరీవాళ్ళు ఇచ్చింది గదమ్మా, కరిగిస్తే పాపం."

"ఆ పాపం నాకే తగలనీ. నువ్వు కానీ అయ్యా," అంది అమ్మ.

తిరుత్తణి కొండెక్కి ఆ కళ్ళను హుండీలో వేసేటప్పుడు అమ్మ మొహంలో ఎంత ఆశో! చూడలేక తల తిప్పుకున్నాను.

ఆగస్టులో బడి హెడ్మాస్టరు ఇంటికొచ్చి, పతకం పెట్టుకుని జెండా ఎగరేయడానికి రమ్మని అన్నను పిలిచి వెళ్ళాడు.

"అమ్మా, ఆ పతకం పెట్టె ఇట్ల తే," అన్నాడు అన్న.

ఇంకేముంది, కొంప మునిగిందనుకున్నాను. అమ్మకు అబద్ధం ఆడే మనసు రాలేదు, నిజం చెప్పడానికి నోరూ రాలేదు. పెట్టె తెచ్చి, మూత తీసి, ఆ ఖాళీ పెట్టెను పట్టపగలు, వాకిట్లో, అన్న కుడి కంటికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. తిట్టినా కొట్టినా పడడానికి సిద్ధపడిపోయింది.

అన్న తల వంచి పెట్టెలోకి చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి నవ్వాడు.

"మెరుపు రవ్వంత గూడా తగ్గలేదు మా. బాగా తెలస్తా ఉండాది."

అమ్మ మూత మూసింది.

"అవును నాయనా," అంది. "అట్నే ఉండాది."