మబ్బు రోజున వచ్చిన మీటరు

మా బావగారు పోయారు. పోయిన నెల ఒక పొద్దున్నే అక్క ఫోన్ చేసి "మీ బావగారు లేరురా" అంది. విజయవాడలో బస్సెక్కి చల్లపల్లి వెళ్తుంటే దారి పొడుగునా ఎండ మండిపోతోంది. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆ ఎండ లేదని దబాయించిన వాళ్ళతో వాదిస్తూనే ఆయన చివరి రోజులన్నీ గడిచిపోయాయి.

ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ వీధిలో డాబా మీద సోలార్ పలకలు మొదట పెట్టించింది ఆయనే. ఆయన మాట నమ్మి మరికొన్ని ఇళ్ళవాళ్ళూ పెట్టించారు. కొన్నాళ్ళకే అందరి ఇళ్ళలో కరెంటు సగానికి పడిపోయింది. గ్యారంటీ ఉంది కదా అని అడిగితే కంపెనీది ఒకటే పాట: "పలకలు బానే ఉన్నాయండీ. మీ వైపు ఎండ తక్కువ."

అక్క ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఎండ తక్కువైతే మా వడియాలు ఎవరింట్లో ఎండాయి నాయనా?"

ఎండ ఎంతుందో కొలిచి చూపిస్తే తప్ప తప్పు పలకలదని రుజువు కాదు. ఎండని కొలిచే అసలు పరికరం కొనే స్తోమత ఆయనకు లేదు. పాడైన తోట దీపంలోంచి అరచేయంత సోలార్ పలక తీశారు. దానికో రెసిస్టరు, ఓ మామూలు మల్టీమీటరు తగిలించారు. ఎండ పెరిగితే అంకె పెరుగుతుంది. తను పనిచేసిన కాలేజీకి తీసుకెళ్ళి, అక్కడి ఖరీదైన పరికరం పక్కన రోజంతా ఎండలో కూర్చుని రెంటినీ పోల్చుకున్నారు. డాబా మీద దాన్ని బిగిస్తూ "పెద్ద పలకల వాలెంతో దీని వాలూ అంతే ఉండాలోయ్. లేకపోతే ఎవడి ఎండ వాడిదే" అన్నారు.

ఎండ నిండుగా ఉందని తేలింది. కంపెనీ ఒప్పుకోలేదు. "సర్టిఫికెట్ లేని మీటరు చెల్లదండీ. మా మనిషి వచ్చి కొలుస్తాడు."

నేను చాలా పుస్తకాలు చదివాను. నిజం గెలుస్తుందని వాటిలో సగం చెబుతాయి. ఆ రాసినవాళ్ళెవరూ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఉండరు.

ఎండ బాగా కాసిన ప్రతిరోజూ ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ మనిషి కోసం వీధరుగు మీద కూర్చునేవారు. "వదిలెయ్యండి బావగారూ" అంటే, "నా మాట మీద పెట్టించుకున్నారోయ్. వాళ్ళ మొహం ఎలా చూడను?" అనేవారు.

కంపెనీ మనిషి, బావగారు పోయిన పదకొండో రోజున వచ్చాడు. బంతి భోజనాలు నడుస్తున్నాయి. ఆకాశమంతా మబ్బు. నా వెంట డాబా ఎక్కి, మెరిసే మీటరు తీసి చూశాడు.

"ఎండ లేదు కదండీ. ఇంత మబ్బులో టెస్టు చెయ్యకూడదు."

"ఎండున్న రోజు రావయ్యా."

"మళ్ళీ కంప్లైంట్ పెట్టాలండీ. సారుని పిలవండి, సంతకం చేస్తారు."

"కింద నువ్వు దాటొచ్చిన ఫొటో ఆయనదే. దండ కనబళ్ళేదా?"

"అయ్యో, సారీ అండీ." ఫోన్ తీశాడు. "అయితే క్లోజ్ చేసేస్తానండీ."

అరుద్దామనుకున్నాను. అప్పటికే అతను మెట్లు దిగిపోతున్నాడు.

అతని బండి వీధి మలుపు తిరిగిందో లేదో, మబ్బు విడిపోయింది. బావగారి మీటరు మీద వాన పడకుండా అక్క రోజూ బోర్లించే స్టీలు గిన్నె తీశాను. అంకె కదిలింది.

అక్క మెట్ల దగ్గర నిలబడి, ఎన్నాళ్ళుగానో ఆయన్ని అడిగినట్టే అడిగింది.

"ఎంత చూపిస్తోందిరా?"

చెప్పాను. చెప్పేలోపే అది ఇంకా పెరిగింది.