రూపాయి నోటు కాపలా

పక్క పోర్షన్ వాళ్ళు బోనం కుండకు పసుపు రాస్తున్నారు. తడి పసుపు, వేపమండల వాసన కిటికీలోంచి నా వంటింటిదాకా వస్తోంది. నేను మాత్రం ఫోన్ ముందు కూర్చున్నాను. మస్కట్‌లో నర్సుగా చేసే చెల్లె డబ్బు పంపింది. అది ఎందుకొచ్చిందో అడగడానికి బ్యాంకు వాళ్ళు ఏ రోజైనా, ఏ వేళైనా ఫోన్ చేస్తారట, చెప్పాకే ఖాతాలో పడుతుందట. పైసలేం విమానమెక్కి రావనీ, వాళ్ళ బ్యాంకు మన బ్యాంకుకు కబురు చెప్తుందనీ, అంతేననీ కౌంటర్‌లో పిల్ల నాకు ఓపిగ్గా వివరించింది. ఆ సంగతి నాకు తొమ్మిదేళ్ళకే తెలుసు. అక్షరాలే నలభై దాటాక తెలిశాయి.

అప్పుడు మెట్టుగూడలో, గూడ్సు బండి పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమనే ఒంటి గదిలో ఉండేవాళ్ళం. నాయన దుబాయిలో తాపీ పని. అమ్మకు సంతకం రాదు, బ్యాంకు గడప ఎన్నడూ తొక్కలేదు. అందుకని మా డబ్బు రూపాయి నోటు మీద వచ్చేది. అమ్మ ఒక నోటు తీసిపెడితే దాని నంబరు ఎదురింటి టైలరు ఉత్తరంలో రాసేవాడు; నాయన అక్కడ ఒక సేటుకు డబ్బు కట్టి ఆ నంబరు చెప్పేవాడు; ఆ సేటు సికింద్రాబాద్‌లో ఉన్న తన మనిషికి కబురు పంపేవాడు. ఆ మనిషి సైకిల్ మీద వచ్చి, మా నోటు చూసి, నంబరు కలిస్తే డబ్బిచ్చి నోటు పట్టుకుపోయేవాడు. అక్కడి డబ్బు అక్కడే, ఇక్కడిది ఇక్కడే. కబురొక్కటే సముద్రం దాటేది.

అతనికి ఒక రోజూ లేదు, వేళా లేదు. తలుపుకు తాళం కనబడితే వెళ్ళిపోయేవాడు, మళ్ళీ పదిహేను రోజులదాకా రాడు. అమ్మ ఇళ్ళల్లో పనికి, నాయనమ్మ మోండా మార్కెట్‌లో నిమ్మకాయలు అమ్మడానికి పోయేవాళ్ళు. చెల్లె మరీ చిన్నది. నన్ను బడిలో వెయ్యకుండా నోటు దగ్గర కూర్చోబెట్టారు. ఈ ఒక్కసారి డబ్బు రాగానే ఫీజు కట్టి పంపిస్తానని అమ్మ మాటిచ్చింది. పిల్లలు గల్లీలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గడప మీది నుంచి బిళ్ళ నేను విసిరేదాన్ని, నా బదులు చెల్లె ఎగిరేది.

నోటు దాచే డబ్బాలో ఎలుకలు తిరుగుతున్నాయని నోటు తీసి అమ్మవారి పటం కింద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. బోనాల పొద్దున బెల్లమన్నం వండి కుండకెత్తిన నాయనమ్మ పటం కింద రూపాయి చూసింది. దేవుని దగ్గర పెట్టింది దేవునిదే అనుకుని, బొడ్లో దోపుకుపోయి గుడి హుండీలో వేసింది.

మూడో రోజు సైకిల్ మనిషి వచ్చాడు. ఏడుస్తూ అంతా చెప్పాను. చెంబెడు నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు.

"నీ మొఖం నాకెర్కే బిడ్డా. పైసలకెర్క లేదు గదా."

డబ్బు అతని సంచిలోనే ఉంది. సంచితో సహా వెళ్ళిపోయాడు.

కొత్త నంబరుతో ఉత్తరం పోయి, కబురు తిరిగి వచ్చేసరికి బడిలో చేర్చుకోవడం అయిపోయింది. వచ్చిందంతా కిరాయి బాకీకే సరిపోయింది. అమ్మ నన్ను కొట్టలేదు. మరుసటి ఏడు ఫీజు చేతికొచ్చినప్పుడు చెల్లెను బడిలో వేసింది. మరి నేనో అని అడిగాను.

"నువ్వు ఒకపాలి తప్పు చేసినవ్, ఇగ జన్మల చెయ్యవ్. నోటు కాడ నువ్వే ఉండాలె" అంది.

అలా ఆరేళ్ళు ఉన్నాను. అమ్మ అన్నట్టే, మళ్ళీ ఒక్క తప్పూ చేయలేదు.

ఆ గది ఇప్పుడు లేదు, సైకిల్ మనిషీ లేడు, ఆ నోట్లూ కనబడవు. ఫోన్ చేతిలో పట్టుకుని ఎక్కడికైనా పోవచ్చని చెల్లె నవ్వుతుంది. నిజమే. డప్పులు మా గల్లీ మలుపు తిరిగాయి. బోనమెత్తుకున్న పక్కింటి కోడలు కిటికీ దగ్గర ఆగి పిలిచింది.

"రా పెద్దమ్మా, కాళ్ళ మీద నీళ్ళు పోద్దువు."

వస్తున్నానన్నాను. డప్పుల మోతలో ఫోన్ వినబడదని లేచి కిటికీ మూశాను, తలుపు గడియ పెట్టాను.